యోగేష్ ఇంట్లనే ఉన్నడట

లేడు బిడ్డా, ఇంట్ల లేడు. ఎన్నిసార్లు చెప్పాలె? నీ ట్యాబు ఉన్నడంటే నేనేం చెయ్యాలె? మంచం కింద చూసుకో. బియ్యం డ్రమ్ముల తొంగి చూడు. ఆరడుగుల పోరడు, కబడ్డీల ముగ్గుర్ని మీదేసుకొని గీత దాటెటోడు, గీ రేకులింట్ల యాడ దాక్కుంటడు చెప్పు?

ఏందీ, మల్ల గదే చూపిస్తుందా? యోగేష్ ఇంట్లనే ఉన్నడటనా? కన్నతల్లిని నేను చెప్తే నమ్మవు, గా అద్దంపెంక చెప్తే నమ్ముతవ్. మంచిగున్నది నీ చదువు!

జర కూసో ముందుగాల. హైదరాబాద్ కాన్నుంచి బస్సుల వచ్చినవ్, బస్టాండు కాడ ఆటో ఆయన నిన్ను బాన్సువాడ అంత తిప్పి తెచ్చినట్టుండు, మొఖం చూస్తేనే తెలుస్తుంది. ఎండలు ముదిరినయ్. సగం రోడ్డు మీద వడ్లే ఆరబోసిండ్రు, బండ్లు యాడికెల్లి పోవాలె? ఇగో, నీళ్లు తాగు. చాయ్ పొయ్యి మీద ఉన్నది.

పేరేమన్నవ్? సంతోషా? మాట చూస్తే గుంటూరు దిక్కు లెక్కున్నది. ఆ, తెనాలా? అనుకున్న. మా వర్ని దిక్కు పోతే సగం ఊర్లు మీ దిక్కుకెల్లి వచ్చి పొలాలు కొనుక్కున్నోళ్లవే, గిట్లనే మాట్లాడుతరు, 'ఏమండీ, ఏమండీ' అనుకుంట. మనోళ్లే తియ్యి.

యోగి వస్తడు. పనుండి పోయిండు. ఏం పనంటే? వయసు పోరగానికి పనులుండవా? అన్ని మీ టీముకు చెప్పే పోవాల్నా?

ఇగ గా పట్టీ సంగతి ఎత్తినవ్ గనుక చెప్తున్న. నాకు మీ మీద మస్తు కోపమున్నది. ఆట ఆడుమన్నరు, ఆడుతుండు. మోకాలు చూపియ్యిమన్నరు, చూపిచ్చిండు. తూకమేస్తమంటే వడ్ల బస్తా లెక్క ఎక్కి నిలబడ్డడు. గంతటితోని ఊకుంటే అయిపోతుండె. చేతికి పట్టీ కట్టిండ్రు. తానం చేసినా తియ్యొద్దు, పండుకున్నా తియ్యొద్దు, సెలవులకు ఇంటికొచ్చినా తియ్యొద్దట. ఎప్పుడు పండుకున్నడు, ఎటు ఒరిగిండు, యాడ తిరిగిండు, గుండె ఎట్ల కొట్టుకున్నది, అన్ని మీకు కావాలె. వాడు కబడ్డీ ఆడెటోడా, జైలుకెల్లి వచ్చినోడా?

మా బీడీ కార్ఖాన సేటు ఎంత పిసినారోడైనా, గంపల బీడీలే చూస్తడు బిడ్డా. సన్నగున్నయా, దారం గట్టిగున్నదా, గంతే. "అంజమ్మా, రాత్రి నిద్రపట్టిందా?" అని ఇన్నేండ్లల ఒక్కనాడు అడగలే. అడిగితే చెప్పు తీసుకుందును, అది వేరే సంగతి.

నీకు నవ్వొస్తుందా? నవ్వు నవ్వు. గా టీవీ ముచ్చట చెప్తే ఇంకా నవ్వుతవ్.

క్యాంపుల మీరు తినేకాడ గోడకు టీవీ పెట్టిండ్రట గదా. పొద్దుగాల ఇడ్లీ తినుకుంట అందరు చూడాలెనట, ఎవడు మంచిగ పండుకున్నడు, ఎవడు పండుకోలే. రంగురంగుల గీతలట. మావోని పేరు కాడ రోజు రాత్రి గా టైంకే గీత తాటిచెట్టెక్కుతదట. పోరడు మంచం మీదనే ఉన్నడు, కాళ్లు కదుల్తలేవు, గుండె మాత్రం ఉరుకుతుంది! కోచ్ సారు అందరి ముంగట అడిగిండట, "మంచంల ఏం రెయిడ్ కొడుతున్నవ్‌రా యోగీ?" అని. ఇగ ప్లేట్లు కొట్టుకుంట నవ్వుడే నవ్వుడు.

రెయిడ్ గాదు, మన్ను గాదు. పిల్లతోని ఫోన్ల మాట్లాడుతుండు. నీరజ అని, మావోళ్ల పిల్లనే. వర్నిల ప్రైవేటు బడిల టీచరు. బంగారమసొంటిది. తల్లినైన నాకు కూడ చెప్పలే వాడు. ముందుగాల మీ టీవీకి తెలిసింది! టీముల ఎవడో పోరడు ఆ నవ్వులాటంత వీడియో తీసి, కింద నీరజ పేరు కూడ రాసి గ్రూపుల పెట్టిండు. అది తిరిగి తిరిగి వర్ని చేరింది. ఆ పిల్ల వారం దినాలు బడికి పోలే, తెలుసా? పోతే పిల్లలే నవ్విరట, "టీచర్, రెయిడ్" అని. ఇంట్ల అన్నలు ఫోను గుంజుకున్నరు. ఏం తప్పు చేసింది ఆ పిల్ల? మావోడు ఏం తప్పు చేసిండు? ఇష్టమైనోళ్లతోని మాట్లాడితే గుండె కొట్టుకోదా? కొట్టుకోకుంటే గదా ఫికర్ చెయ్యాలె!

గా టీవీ పెట్టాలన్న తెలివి ఎవనిదో గాని, వాని చేతులు...

ఏందీ?

నువ్వేనా? నువ్వే పెట్టినవా!

అయ్యో. సరే తియ్యి. నీళ్లు తాగు, పొలమారుతది. చాయ్ల శక్కర ఎక్కువెయ్యాల్నా?

ఇంకోటి అడుగుత, ఏమనుకోకు. వాని గుండె సంగతి వానికే చూపియ్యరట గదా? పట్టీ మీద ఒక రంగు, ఒక ముక్క మాట, గంతేనట. అసలు లెక్కంత మీ కాడనే ఉంటదట. గిదేం న్యాయం బిడ్డా? నా పెరట్ల జామచెట్టు, కాయలు నువ్వు ఏరుకుంటవ్, ఎన్ని కాసినయని నేనడిగితే నీకెందుకంటవ్.

ఇగో చాయ్. కాలుతుంది, సూసుకో.

ఏమడిగినవ్? మల్లొకసారి అడుగు.

మా ఇంట్ల ఎవలికన్న గుండె జబ్బున్నదా అనా?

ఎందుకడుగుతున్నవ్? తల దించుకుంటే ఎట్ల, చెప్పు. వాన్ని అడగాల్నంటే నన్నడుగు, కన్నదాన్ని నేను. మా ఆయన బాలమల్లు పోయింది కిడ్నీల తోని, గుండె తోని గాదు. మా అత్త నూరేండ్లకు దగ్గరపడ్డది. ఇగ చెప్పు, ఏమైంది నా కొడుకుకు?

ఆ...

ఇంటికొచ్చిన కాన్నుంచి గుండె సక్కగ కొడుతలేదా? నడ్మల ఆగి, మల్ల ఎగిరి కొడుతుందా? నిద్ర లేదా? కూసోకుంట పొద్దంత నడుస్తనే ఉన్నడా? మీ పెద్ద డాక్టరు గా గీతలు చూసి, గీ పోరడు వద్దన్నడా?

మనిషిని పిలువలే, మిషన్ మీద చూడలే, గీతలు చూసే వద్దన్నడా?

రేపే పేర్లు ఇయ్యాల్నా? ఉంచుకునేటోళ్లు ఎవలు, తీసేసెటోళ్లు ఎవలని? మల్ల వేరే టీములు? తెలుస్తదా? అందరికీ తెలుస్తదా? తెలుస్తది తియ్యి. సంతల ఎద్దు కుంటుతుందని ఒక్కడు నోరు జారితే చాలు, ఇగ అది ఉరికి చూపిచ్చినా ఎవడు పగ్గం పట్టడు. గీ మాట వానికి నోటితోని చెప్పి, కాయిదం మీద సంతకం తీసుకపోదామని వచ్చినవ్ నువ్వు. ఫోన్ల చెప్పనీకి మనసొప్పలే. మంచోడివే బిడ్డా నువ్వు.

ఆగు. ఒక్క నిమిషమాగు. ఒకటి చెప్పు నాకు. పొద్దంత నడుస్తుండంటివి గదా?

ఇటు చూడు. ఇగో నా చాట. ఇగో తునికాకు. ఇంత తంబాకు పోస్తి, చుడితి, మూతి మలిస్తి, దారమేస్తి. ఇంకోటి. ఇంకోటి. నేను ఒక్కతాననే కూసున్న గదా? చెయ్యి చూడు, చెయ్యి. ఇగ నీ ట్యాబుల చూడు. ఏం చేస్తుండు మావోడు?

నడుస్తుండా?

ఆ! నడుస్తడు మరి! బాన్సువాడ కాన్నుంచి మద్నూర్ దాక నడుస్తడు, లేవకుంట!

ఇగో, గాజుల కింద. చూసినవా? నీ పచ్చలైటు. ఇంట్లనే ఉన్నడు, ఇంట్లనే ఉన్నడని మొత్తుకుంటివి గదా, ఇగో ఉన్నడు. నోరు మూసుకో బిడ్డా, ఈగ పోతది.

తీస్తే మీకు చెప్తదట గదా, జరిమానాట. గోడకు కడితే ఊకోదు, మేక కాలుకు కడితే అది నమిలి మింగుతది. బతికున్న చెయ్యి కావాలె దానికి. "అమ్మా, గీ ఒక్కపూట కట్టుకో, వర్ని దాక పోయొస్త" అన్నడు. ఆ పిల్ల అన్నలతోని మాట్లాడాలె, మాట్లాడేటప్పుడు వాని గుండె ఎట్ల కొట్టుకున్నదో మీ టీవీల రావొద్దు. గంతే. దొంగతనమా అది? ఏమో. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టడంటరు గని, మీ పట్టీ పట్టింది.

ఇయ్యాల కూడ గాడికే పోయిండు. ఎదురు చెప్పినోళ్లు ఇప్పుడిప్పుడే మెత్తబడ్డరు. "టీముల పేరు రానియ్యి, అప్పుడు కూసొని మాట్లాడుదం" అన్నరట.

ఏం చూస్తున్నవ్ అట్ల?

ఆ. అర్థమైంది నీకు. నాకు ఇందాక నువ్వు అడిగినప్పుడే అర్థమైంది. గా ఆగి ఎగిరేది వానిది గాదు. నాది.

వాని గుండె మంచిగున్నది! పొద్దుగాల జూనియర్ కాలేజి గ్రౌండుల ఉరికొస్తుండు, వచ్చి తొమ్మిది రొట్టెలు తింటుండు. నా కొడుకుకు ఏం కాలే! దేవుడు సల్లగ చూసిండు. ఏడుస్తలే బిడ్డా. పొయ్యి పొగ.

నాకా? నాకు తెలుసు. ఒక్క బిందె నీళ్లు తెస్తే దమ్ము అందుతలేదు. చాట ముంగట పెట్టుకొని ఊకె కూసున్నప్పుడు కూడ లోపల చేప ఎగిరినట్టయితది. తంబాకు దుమ్మని సర్దుకున్న. దుమ్ము గాదని తెలుసు.

సరే, నా సంగతి వదిలెయ్యి. ఇప్పుడు ముచ్చట చెప్తున్న, మంచిగ ఇను. వాన్ని ఎంబడి తీసుకపో. పొద్దుగూకక ముందే నిజామాబాద్‌ల మిషన్ మీద చూపియ్యి. ఏటేట చేసేదే అని చెప్పు. పట్టీల నీళ్లు పోయి పాడైందని మీ పెద్దసారుకు చెప్పు. మిషన్ల నా కొడుకు గుండె గుర్రం లెక్క కొట్టుకుంటది, చూసుకొని పేరు పంపు. అయిపాయె.

గని గుండె ముచ్చట మాత్రం వానికి చెప్పకు. పట్టీల వచ్చిన గీతల గురించి ఒక్క ముక్క చెప్పకు. పట్టీ ఎవలి చేతికున్నదో వానికి తెలుసు. గుండె అన్న మాట ఇన్నడంటే, గా క్షణంలనే వానికి తెలిసిపోతది అది ఎవలిదో.

తెలిస్తే తెలియనియ్యి అంటవా? నీకు మా వాని సంగతి తెల్వదు. వాళ్ల నాయిన మంచాన పడ్డప్పుడు ఆట నడ్మల వదిలిపెట్టి వచ్చిండు. ఎవలు చెప్పినా ఇనలే. దవాఖానల కింద పండుకున్నడు. నాయిన పోయిండు, ఆట పోయింది. అప్పటి టీము మల్ల పిలువలే. రెండేండ్లు గీ అరుగు మీద కూసున్నడు బిడ్డా, కాళ్లు ఊపుకుంట. వడ్ల లారీల బస్తాలెత్తనీకి పోయిండు. తెలిసినోళ్లు కనిపిస్తే మొఖం తిప్పుకునేటోడు. మల్ల మీరు పిలిచిన నాడు వాడు తిన్న తిండి నేను చూసిన. నా కోసం మల్ల గా అరుగు మీద కూసుంటనంటే నేను ఒప్పుకోను. నా పానం పోయినా ఒప్పుకోను.

తల అటూ ఇటూ ఊపకు. ఒక్క దిక్కు ఊపు.

రూలా? చెప్పాలెనన్న రూలున్నదా? మంచిగున్నది. అయితే నేను కూడ రూలు మాట్లాడుత. మీ కాయిదాల మీద సంతకం పెట్టింది ఎవలు? యోగేష్. నేను పెట్టిన్నా? ఒక్క వేలిముద్రన్న వేసిన్నా? నా గుండె ఎట్ల కొట్టుకుంటదో చూసుకొమ్మని నేను చెప్పిన్నా? లేదు గదా. మరి నా గుండె ముచ్చట ఇంకొకనికి చెప్పనీకి నువ్వెవలు? కన్నకొడుకైతేంది? నా గుండె నాది. ఎవలికి చెప్పాల్నో, ఎప్పుడు చెప్పాల్నో నేను చెప్త.

ఆ. ఇప్పుడు చెప్పు రూలు.

పోత బిడ్డా, దవాఖానకు పోత. వాడు క్యాంపుకు పోయిన తెల్లారే పోత. నమ్మవా? నమ్మకు. నేనైనా నమ్మను.

ఇంకో మాట చెప్పాలె నీకు. చెప్తే సిగ్గు, చెప్పకుంటే నువ్వు వాన్ని తిడతవ్.

వాడు పట్టీ ఇచ్చింది ఒక్కపూటకే. తెల్లారి ఇయ్యిమన్నడు. నేనే ఇయ్యలే. "ఉండనీరా, జర సుకంగ తిరుగు నువ్వు" అన్న. వాడు అమ్మకు నా మీద ఎంత ప్రేమ అనుకున్నడు. ప్రేమ గాదు. నేనే ఉంచుకున్న.

ఎందుకంటే... ఆ రాత్రి వాడు వచ్చేసరికి నేను పండుకున్న, పట్టీ నా చేతికే ఉండె. తెల్లారి పొద్దుగాల చేతి మీద గుర్రుమన్నది. చిన్న అద్దం మీద ఇంగ్లీషుల ఏదో రాసొచ్చింది. వాడు చదివి పకపక నవ్విండు. "అమ్మా, రాత్రి నువ్వు సరిగ్గ పండుకోలేదట. ఇయ్యాల జర మెల్లగుండు, రెస్ట్ తీసుకో అంటుంది" అన్నడు.

నాకు నవ్వు రాలే.

పదేండ్ల పిల్లప్పుడు చాట ముంగట కూసున్న బిడ్డా. మా అవ్వ చెప్పలే గా మాట. అత్త చెప్పలే. మా ఆయన మంచోడే, పాపం, ఆయనకు కూడ నోటికి రాలే. పురుడు పోసుకున్న నెలల కూడ బీడీలు చుట్టిన. ఇయ్యాల జర మెల్లగుండు అంజమ్మా అని ఎవలన్నరు? సేటు అడిగితే చెప్పు తీసుకుందునని ఇందాక అంటి గదా. ఇది అడిగితే మాత్రం ఏడుపొచ్చింది.

రోజు పొద్దుగాల చూస్తున్న. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగే అరకొర. గని గా మాట వాటం గుర్తుపట్టిన. అది వచ్చిన నాడు చాట పక్కకు పెట్టి, గోడకు ఒరిగి ఒక్క గడియ ఊకె కూసుంటున్న. గంత సుకమైతదని నాకు తెల్వకుండె. వాడు అడిగితే రేపు ఇస్త, రేపు ఇస్త అంటున్న.

నా ఒక్క గడియ సుకం కోసం కొడుకు బతుకు మీదికి తెచ్చిన. తిట్టాల్నంటే నన్ను తిట్టు.

ఏంది? చెయ్యెందుకు పట్టుకున్నవ్?

ట్యాబు పక్కకు పెట్టి వేళ్లతోని చూస్తున్నవా? మీకు గిట్ల కూడ చూడొస్తదా? నీ చెయ్యి సల్లగున్నది బిడ్డా. ఎట్లున్నది? ఆగుతుందా? ఎగురుతుందా? చెప్పకు. నీ మొఖమే చెప్తుంది. నీకు మీ అమ్మ యాదికొచ్చినట్టున్నది.

ఇగో, బండి సప్పుడు. మలుపు కాడ గేరు మారుస్తుండు, వానిదే. పాట పాడుకుంట వస్తుండంటే అన్నలు ఒప్పుకున్నట్టే!

చెప్తవా? చెప్పవా? అట్ల చూడకు. జర నవ్వు. నవ్వు బిడ్డా, నీకు దండం పెడుత. సరే పో, నీకు అబద్ధం రాకుంటే నేనే నిజం చెప్త.

రారా యోగీ! ఎండకు మాడి బొగ్గైనవ్. మీ టీము నుంచి సారొచ్చిండు, సంతోష్ సారు, మనోళ్లే, తెనాలి. నా చెయ్యెందుకు పట్టుకున్నడా? గాజుల సైజు చూస్తుండు, వాళ్లమ్మకు కొంటడట. ఊకెనే వచ్చిండు కొడుకా, ఏం ఫికర్ చెయ్యకు. చాయ్ తాగి సారెంబడి నిజామాబాద్ పో. నీ గుండెకు ఏం కాలేదట.